అమెరికా బయ్యర్ మెయిల్ సగమే అర్థమవుతోంది, వ్యాపారం ఇంగ్లిష్ ఎలా నేర్చుకోవాలి?

భీమవరం_డాక్స్

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ చూస్తాను. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, హెల్త్ సర్టిఫికెట్, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు) వరకు నాకు ఇబ్బంది లేదు. ఈమధ్య మా సార్ సేల్స్ మెయిళ్ళు కూడా నువ్వే చూడమన్నారు. అప్పటినుంచి టెన్షన్. గ్రామర్ వచ్చు. డిక్షనరీ తీస్తే ప్రతి మాటకీ అర్థం దొరుకుతుంది. అన్నీ కలిపి చదివితే మాత్రం బయ్యర్ ఏం అడుగుతున్నాడో తెలీదు.

సక్సెస్ అవ్వాలంటే రావాల్సిన ఇడియమ్స్ అని యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. చూసి ఒక నోట్‌బుక్కు నిండా రాసుకున్నాను. అందులో ఉన్నది మెయిల్లో రాదు, మెయిల్లో వచ్చేది అందులో లేదు. ఇదిగో, మొన్న వచ్చిన మెయిల్. పేర్లు తీసేసి మాటలు అలాగే ఉంచాను:

"మార్కెట్ ఈజ్ సాఫ్ట్, ఎవ్రీబడీ ఈజ్ బయింగ్ హ్యాండ్ టు మౌత్. వుయ్ ఆర్ లాంగ్ ఆన్ 21/25. ప్లీజ్ షార్పెన్ యువర్ పెన్సిల్ ఆన్ 26/30 అండ్ గివ్ మీ ఎ బాల్‌పార్క్ బై సీఓబీ ఫ్రైడే. లెట్స్ టేబుల్ ది ఈజీ పీల్."

మా ఆఫీసులో నలుగురు నాలుగు అర్థాలు చెప్పారు. పెన్సిల్ సంగతి ఎవరికీ తెలీలేదు. ఈ ఇంగ్లిష్ ఎక్కడ నేర్పుతారు?

గంగబొండం

పెన్సిల్ చెక్కి కొరియర్లో పంపించెయ్ తమ్ముడూ. సరదాకి అన్నాలే. తెలిసినవాళ్ళు వస్తారు, ఆగు.

డల్లాస్_గోదారి

మాది పెనుగొండ. ఇక్కడ ఒక ఫుడ్ కంపెనీలో పర్చేజింగ్‌లో పనిచేస్తున్నాను. అంటే నీకు ఇలాంటి మెయిళ్ళు రాసేవాళ్ళ పక్కన కూర్చునేవాడిని. వరసగా చెప్తాను.

సాఫ్ట్ అంటే ధరలు దిగుతున్నాయి, కొనేవాళ్ళకి తొందర లేదు. దీనికి ఎదురుమాట ఫర్మ్.

హ్యాండ్ టు మౌత్ అంటే రెక్కాడితే గానీ డొక్కాడని బతుకు అని మనకి స్కూల్లో చెప్పారు. ఇక్కడ పేదరికం సంగతి కాదు. కోల్డ్ స్టోరేజీలో నిల్వ పెట్టుకోకుండా, ఎప్పటికి ఎంత కావాలో అంతే కొంటున్నారని. మార్కెట్ రిపోర్టుల్లో ఈ మాట మామూలుగా కనిపిస్తుంది.

లాంగ్ ఆన్ 21/25 అంటే ఆ సైజు వాళ్ళ దగ్గర ఎక్కువై పేరుకుపోయింది. అది ఇప్పుడు ఆఫర్ చెయ్యొద్దు. షార్ట్ అని ఉంటే కొరతగా ఉందని, నువ్వు వెంటనే ఆఫర్ పెట్టొచ్చు.

షార్పెన్ యువర్ పెన్సిల్ అంటే లెక్క మళ్ళీ వేసి రేటు తగ్గించు అని. బేరమే, కాకపోతే మర్యాదగా. మెయిల్ మొత్తంలో నీకు శుభవార్త ఇదే. అవసరం లేని సరుకు మీద ఎవరూ బేరం ఆడరు. 26/30 ఆయనకి కావాలి.

బాల్‌పార్క్ అంటే ఉజ్జాయింపు అంకె. బేస్‌బాల్ మైదానం నుంచి వచ్చిన మాట.

సీఓబీ (క్లోజ్ ఆఫ్ బిజినెస్) ఫ్రైడే అంటే శుక్రవారం ఆయన ఆఫీసు మూసే వేళకి. అప్పటికి మీకు శనివారం తెల్లవారుజాము. అంటే నీ శుక్రవారం సాయంత్రం పంపినా నిక్షేపంగా అందుతుంది, అదరాబాదరా అక్కర్లేదు.

టేబుల్ చేద్దాం అంటే ఈజీ పీల్ (తేలిగ్గా వలిచేలా పెంకు చీరిన రొయ్య) సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం అని. ఇక్కడ జాగ్రత్త. అమెరికాలో టేబుల్ అంటే వాయిదా. బ్రిటన్‌లో అదే మాటకి చర్చకి పెట్టడం అని సరిగ్గా తలకిందుల అర్థం. లండన్ బయ్యర్ అంటే వెంటనే మాట్లాడాలి, బోస్టన్ బయ్యర్ అంటే వదిలెయ్యాలి.

ఆకివీడు_చెరువు

డల్లాస్ అన్నా, దండం. ఈ ఒక్క పోస్టు ప్రింటు తీసి గోడకి అంటించుకోవచ్చు.

నాకు తెలిసిన ఇంకోటి కలుపుతాను. "వుయ్ ఆర్ అండర్ వాటర్ ఆన్ దిస్ కంటైనర్" అంటే కొన్న ధర కంటే మార్కెట్ ధర కిందికి పోయి నష్టంలో ఉన్నామని. రొయ్య ఎలాగూ నీళ్ళలోనే ఉంటుంది కదా అని మావాళ్ళు నవ్వుకున్నారు గానీ, ఆ మాట వెనకాల రేటు తగ్గించమనో, తర్వాత లోడులో సర్దమనో రాబోతోందని అర్థం చేసుకోవాలి.

డిగ్రీ_ఫైనలియర్_అమలాపురం

21/25, 26/30 అంటే ఏంటండీ? తెలియక అడుగుతున్నా.

ఆకివీడు_చెరువు

పౌండుకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్కమ్మా. 26/30 అంటే తల తీసినవి పౌండుకి 26 నుంచి 30. చెరువు గట్టు మీద మనం 30 కౌంటు, 40 కౌంటు అనేది కిలోకి, తలతో సహా. రెండు లెక్కలూ కలిపేస్తే కొంప మునుగుతుంది. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది.

మండపేట_మిల్లు

అందరూ ఈ మాటలు చూసి మురిసిపోతున్నారు. నాది వేరే అభిప్రాయం. మేము కాకినాడ పోర్టు మీదుగా ఆఫ్రికాకి బియ్యం పంపుతాం. మాకు ఇడియమ్స్‌తో పని పడలేదు. రేటెంత, టన్నులెన్ని, ఓడ ఎప్పుడు, డబ్బు ఎప్పుడు. ఈ నాలుగూ అనుమానం లేకుండా రాస్తే చాలు. మాట తెలియకపోతే "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్" అని అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు.

అసలు నష్టాలు వచ్చేది ఇడియమ్స్ వల్ల కాదు, తేదీల వల్ల. 04/05 అని రాస్తే మనకి మే 4, అమెరికావాడికి ఏప్రిల్ 5. మా వైపు ఒక మిల్లులో దీని మీద పెద్ద గొడవైంది. నెల పేరు అక్షరాల్లో రాయండి, ఏ తలనొప్పీ ఉండదు. లక్షలు, కోట్లు కూడా వాళ్ళకి తెలీవు. 10 లక్షలంటే మిలియన్, 100 కోట్లంటే బిలియన్. ముందు ఇవి వేళ్ళ మీదుండాలి, పెన్సిళ్ళూ బల్లలూ తర్వాత.

పాలకొల్లు_మాస్టారు

మిల్లు గారూ, మీ అనుభవాన్ని గౌరవిస్తాను. కానీ ఇడియమ్స్‌తో పని లేదనడం సరికాదండీ. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్షల్లో, బ్యాంకు పరీక్షల్లో వాటి మీద ప్రశ్నలు వస్తాయి. నా దగ్గర చదువుకునే పిల్లలకి ఒక మార్కు తేడాతో ఉద్యోగం పోతుంది. వాళ్ళు జాబితాలు బట్టీ పట్టాల్సిందే. బర్న్ ద మిడ్‌నైట్ ఆయిల్, మేక్ ఎండ్స్ మీట్, బ్యాక్ టు స్క్వేర్ వన్ ఇవన్నీ పరీక్షలో అడిగినవే.

డాక్స్ బాబూ, నీ నోట్‌బుక్కు వృథా కాదు. దాని పని వేరు, నీ మెయిల్ పని వేరు.

మండపేట_మిల్లు

పరీక్షకి కావాలంటే నేను కాదనలేదు మాస్టారూ. ఈ అబ్బాయి అడిగింది వ్యాపారం గురించి.

నర్సాపురం_లేసు

మిల్లు గారి మాటకి నా ఓటు, కానీ పూర్తిగా కాదు.

మేము లేసు పంపుతాం. డాయిలీలు, రన్నర్లు, టేబుల్ క్లాతులు. అన్నట్టు, డల్లాస్ గారు టేబుల్ అంటే చాలు నాకు క్లాతే గుర్తొచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు మా అమ్మమ్మల అమ్మమ్మలకి నేర్పిన అల్లిక ఇది, 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. మా బయ్యర్లు ఎక్కువ ఇటలీ, జర్మనీ వాళ్ళు. వాళ్ళకీ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే. వాళ్ళ దగ్గర బాల్‌పార్క్ అంటే వాళ్ళే బిక్కమొహం వేస్తారు. చిన్న చిన్న వాక్యాలు రాస్తేనే పని జరుగుతుంది.

మరి పూర్తిగా ఎందుకు ఒప్పుకోనంటే, మాటలు తెలియడం కంటే కష్టమైనది ఒకటుంది. కాదు అని చెప్పడం. మనవాళ్ళు మొహమాటంతో "వుయ్ విల్ ట్రై" అని రాసేస్తారు. మనలో మనకి ఆ మాట వింటే చాలు, అయ్యే పని కాదని తెలిసిపోతుంది. అవతలివాళ్ళు మాత్రం పని మొదలైందనుకుంటారు. ఒక పెద్ద టేబుల్ క్లాత్ అల్లడానికి ఎంతమంది ఆడవాళ్ళు ఎన్నాళ్ళు కూర్చోవాలో వాళ్ళకి తెలీదు. అందుకని మా దగ్గర పనిచేసే అమ్మాయిలకి నేను నేర్పించే వాక్యం ఇది: "వుయ్ కెనాట్ ఫినిష్ దిస్ ఇన్ ఫోర్ వీక్స్. వుయ్ కెన్ ఫినిష్ ఇట్ ఇన్ సెవెన్ వీక్స్." కాదన్నాం, ఎప్పటికవుతుందో కూడా చెప్పాం. అలా రాసినందుకు ఇంతవరకు ఏ ఆర్డరూ పోలేదు. ట్రై చేస్తామని రాసి ఆలస్యం చేసినవాళ్ళకి ఆర్డర్లు పోవడం చూశాను.

భీమవరం_డాక్స్

లేసు అక్కా, ఇది నోట్‌బుక్కు మొదటి పేజీలో రాసుకుంటున్నా. మా దగ్గర కూడా "వుయ్ విల్ ట్రై అవర్ లెవెల్ బెస్ట్" అనేది ప్రతి మెయిల్లో ఉంటుంది.

గంగబొండం

దాంతోపాటు "డూ ద నీడ్‌ఫుల్" కూడా తప్పకుండా ఉంటుంది కదా?

డల్లాస్_గోదారి

నీడ్‌ఫుల్ అంటే ఇక్కడివాళ్ళకి ఏం చెయ్యాలో తెలీదు. ఏది కావాలో అదే రాయండి: సైన్ చేసి పంపండి, డబ్బు వెయ్యండి, మార్పు ఒప్పుకుంటే చెప్పండి. "ప్లీజ్ రివర్ట్" కూడా అంతే. జవాబివ్వండి అని మన దేశంలో వాడుక, ఇక్కడ మాత్రం పాత స్థితికి వెనక్కి వెళ్ళడం అని అర్థం. "ప్లీజ్ రిప్లై" చాలు.

బ్యాంకు_బాబాయ్

రిటైరయ్యాను. సర్వీసులో చాలా కాలం ఫారిన్ ఎక్స్ఛేంజ్ డెస్కులో ఉన్నాను, ఆక్వా ఎల్‌సీలు (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే కాగితాలు సరిగ్గా ఉంటే అమ్మినవాడికి డబ్బిస్తామని బయ్యర్ బ్యాంకు ఇచ్చే హామీ) విపరీతంగా చూశాను. మీరంతా మెయిల్ భాష గురించే మాట్లాడుతున్నారు. నిజంగా డబ్బు ఆగిపోయేది ఎల్‌సీ భాష దగ్గర. అక్కడ మామూలు మాటలకే ప్రత్యేకమైన కొలతలున్నాయి. ఇంటర్నేషనల్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ళ యూసీపీ 600 నిబంధనలు 2007 నుంచి అమల్లో ఉన్నాయి. ఎల్‌సీలో ఆ నిబంధనలు వర్తిస్తాయని రాసి ఉంటే ఇలా చదవాలి:

పరిమాణం పక్కన గానీ, మొత్తం పక్కన గానీ, యూనిట్ ధర పక్కన గానీ "అబౌట్" అని ఉంటే దేని పక్కన ఉందో దానికి 10 శాతం అటూ ఇటూ చెల్లుతుంది. పరిమాణం పక్కన ఉండి మొత్తం పక్కన లేకపోతే, సరుకు ఎక్కువ పంపొచ్చేమో గానీ డబ్బు ఎక్కువ రాదు. "ఆన్ ఆర్ అబౌట్" అని ఫలానా తేదీ రాస్తే ఆ తేదీకి అయిదు రోజులు ముందు నుంచి అయిదు రోజులు తర్వాత వరకు. "బిగినింగ్ ఆఫ్ మే" అంటే 1 నుంచి 10. "మిడిల్" అంటే 11 నుంచి 20. "ఎండ్" అంటే 21 నుంచి నెలాఖరు వరకు. ఇక "ప్రాంప్ట్", "ఇమీడియట్లీ", "యాజ్ సూన్ యాజ్ పాజిబుల్" లాంటి మాటలుంటే, డాక్యుమెంటులో వాడాల్సిన అవసరం ఉంటే తప్ప, బ్యాంకు వాటిని అసలు పట్టించుకోదు.

బ్యాంకు సరుకు చూడదు, కాగితం చూస్తుంది. రొయ్య ఎంత నాణ్యంగా ఉన్నా కాగితంలో తేడా ఉంటే డిస్క్రెపెన్సీ అని పక్కన పెడతారు. పరిశీలనకి బ్యాంకుకి అయిదు పనిదినాల దాకా గడువుంటుంది. ఈలోగా మీ వర్కింగ్ క్యాపిటల్ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి డాక్స్ బాబూ, నువ్వు ముందు డాక్యుమెంట్లు చూసి తర్వాత సేల్స్‌కి వచ్చావు. అది నీకు పెద్ద బలం. సేల్స్ వాళ్ళలో ఈ మాటలు తెలిసినవాళ్ళు తక్కువ.

మండపేట_మిల్లు

బాబాయ్ గారూ, "అబౌట్" సంగతి బంగారం లాంటి ముక్క. మా గుమాస్తాకి ఇప్పుడే పంపాను.

కడియం_మొక్కలు

మేము విదేశాలకి పంపం, బెంగళూరు, హైదరాబాద్ కాంట్రాక్టర్లకే మొక్కలు పంపుతాం. ఇంగ్లిష్ తిప్పలు మాకూ ఉన్నాయి. కడియపులంకలో లోడు ఎత్తేటప్పుడు అంతా తెలుగే. పర్చేజ్ ఆర్డరు మాత్రం పది పేజీల ఇంగ్లిష్. అందులో "పేమెంట్ ఆన్ బ్యాక్ టు బ్యాక్ బేసిస్" అని చిన్న లైను. మా పక్క నర్సరీ ఆయన వెంటవెంటనే డబ్బిస్తారనుకుని సంతకం పెట్టేశాడు. అసలు సంగతేంటంటే, బిల్డరు కాంట్రాక్టరుకి ఇచ్చాకే కాంట్రాక్టరు మనకి ఇస్తాడు. బిల్డరు ఇవ్వకపోతే మన డబ్బు కూడా గాల్లోనే. మొక్కలు నాటి చిగురేసి పువ్వులు పూశాయి గానీ ఆయనకి డబ్బు రాలేదు.

సక్సెస్ మాటలు చెప్పేవాళ్ళు ఇలాంటివి ఎందుకు చెప్పరండీ? రాత్రి పది గంటలకి ఫోను తెరిస్తే హసల్, గ్రైండ్, మైండ్‌సెట్. ఆ మాటలతో ఒక్క బిల్లు కూడా వసూలు కాదు.

డిగ్రీ_ఫైనలియర్_అమలాపురం

కడియం అన్నయ్యా, మీ కోపం అర్థమైంది. కానీ ఆ వీడియోలు పనికిరావంటే ఒప్పుకోను. మా ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళో ఎవరితో మాట్లాడినా నవ్వుతారు. నాకు నోరు విప్పే ధైర్యం వచ్చింది ఆ వీడియోల వల్లే. క్యాంపస్ ఇంటర్వ్యూలో మా సీనియర్‌ని "టెల్ మీ అబౌట్ ఎ టైమ్ యు వెంట్ ద ఎక్స్‌ట్రా మైల్" అని అడిగారు. ఆ మాట తెలియకపోతే కిలోమీటర్ల గురించి చెప్పేవాళ్ళేమో! నాకైతే అది చర్చిలోనే తెలుసు. మత్తయి సువార్తలో ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే రెండు మైళ్ళు వెళ్ళమని ఉంటుంది కదా, అక్కడి నుంచే వచ్చింది. చెప్పిన పని కంటే ఎక్కువ ఎప్పుడు చేశావో చెప్పమని ప్రశ్న.

పాలకొల్లు_మాస్టారు

చక్కగా చెప్పావమ్మా. దానికి జవాబు కూడా తయారు చేసుకో. కాలేజీ ఫెస్ట్ అనో, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు అనో మొదలుపెట్టి నువ్వేం చేశావో మూడు నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి. జవాబులో మళ్ళీ ఇడియమ్ వాడక్కర్లేదు. జరిగింది జరిగినట్టు చెబితేనే నమ్ముతారు.

కడియం_మొక్కలు

అమ్మాయి చెప్పింది నిజమే. ధైర్యం ముఖ్యం. ధైర్యం వచ్చాక పర్చేజ్ ఆర్డరు కూడా చదవడం నేర్చుకోమంటున్నా, అంతే.

రాజోలు_కువైట్

కువైట్‌లో షాపులో పనిచేసి వచ్చాను. అక్కడ "లాస్ట్ ప్రైస్?" అంటే బేరం తేలిపోతుంది. యూరప్ వాళ్ళతో అలా అంటే మొరటుగా ఉంటుందట, "ఈజ్ దిస్ యువర్ బెస్ట్ ప్రైస్" అనాలని మా మేనేజర్ చెప్పేవాడు. ఇంగ్లిష్ నేను పుస్తకంలో చదవలేదు. కౌంటర్ దగ్గర నిలబడి చెవులారా విన్నాను. వినడమే మంచి బడి.

గంగబొండం

వినీ వినీ నాకు మిగిలిన సందేహం ఒకటే. మా అంబాజీపేట కొబ్బరి కంపెనీకి ఒక కన్సల్టెంటు వచ్చి "లెట్స్ గో ఫర్ లో హ్యాంగింగ్ ఫ్రూట్" అన్నాడు. దింపు కార్మికులు దొరక్క మేము ఏడుస్తుంటే చేతికందే కాయ ఎక్కడుందండీ కోనసీమలో?

ఆకివీడు_చెరువు

నీ పేరులోనే ఉంది కదా బాబాయ్, గంగబొండం పొట్టి రకం. నిలబడి కోసుకో.

గంగబొండం

ఒప్పుకున్నా. దెబ్బ కొట్టావు.

డల్లాస్_గోదారి

కన్సల్టెంటు అన్నది, తక్కువ కష్టంతో వెంటనే చేయగలిగినవి ముందు చేద్దామని. ఇక్కడ మీటింగుల్లో ఈ మాట రోజూ వింటాం.

మిల్లు గారికి ఒక మాట. మీరన్నట్టు మనం రాసేటప్పుడు మామూలు ఇంగ్లిషే రాయాలి. మా ఆఫీసులో వియత్నాం వాళ్ళు, మెక్సికో వాళ్ళు, మనవాళ్ళు ఉంటాం, ఇడియమ్ లేని మెయిలే అందరికీ సుఖం. కానీ అవతలివాడు అలా రాయడు. రాసేవాడిని ఆపలేం, కాబట్టి మనకి అర్థం కావాలి. ప్రతిదానికీ "ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్" అంటే మర్యాద పోదు నిజమే, టైమ్ పోతుంది. పది పన్నెండు గంటల తేడాలో ఒక్క ప్రశ్నకి ఒక రోజు పోతుంది. ఈలోపు ఈక్వడార్ వాడు రేటు పంపేస్తాడు. ఈ మధ్య అమెరికాలో మన రొయ్యకి గట్టి పోటీ వాళ్ళే.

మండపేట_మిల్లు

ఇది ఒప్పుకుంటాను. అర్థం చేసుకోవడానికి ఇడియమ్, రాయడానికి మామూలు మాట. ఇలా చెప్తే నాకు పేచీ లేదు.

ఆకివీడు_చెరువు

ఎక్కడ నేర్పుతారని డాక్స్ అడిగాడు కదా. నేను చేసే పద్ధతి చెప్తాను, ఎవరూ చెప్పగా వినలేదు.

లిస్టెడ్ కంపెనీలు త్రైమాసిక ఫలితాల తర్వాత ఇన్వెస్టర్లతో కాన్ఫరెన్స్ కాల్ పెడతాయి. ఆ కాల్‌లో మాట్లాడింది అక్షరం అక్షరం టైపు చేసి స్టాక్ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్లో పెడతారు, ఉచితం. మన రొయ్యల వైపు అవంతి ఫీడ్స్ ఉంది, కాకినాడ ఎపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్ ఉంది. వాటి ట్రాన్‌స్క్రిప్టులు దించుకుని చదవండి. అందులో సరుకు మన సరుకే, చెరువులు మన చెరువులే, మేత ధరలూ సీడు సంగతులూ మనకి కొట్టిన పిండి. కాబట్టి కొత్త మాట వచ్చినా సందర్భం మనకి ముందే తెలుసు, అర్థం తనంతట అదే చిక్కుతుంది.

ఉదాహరణకి హెడ్‌విండ్స్. ఎదురుగాలి అని మనం అనేదే, వ్యాపారానికి అడ్డుపడే పరిస్థితులు. టాప్ లైన్ అంటే మొత్తం అమ్మకాలు, బాటమ్ లైన్ అంటే ఖర్చులన్నీ పోగా చివరి గీత దగ్గర మిగిలిన లాభం. ఇయర్ ఆన్ ఇయర్ అంటే పోయినేడాది ఇదే కాలంతో పోల్చి. పాస్ ఆన్ అంటే పెరిగిన ఖర్చు కొనేవాడి మీద వెయ్యడం, అబ్జార్బ్ అంటే మనమే భరించడం. యుటిలైజేషన్ అంటే ప్లాంటు సామర్థ్యంలో ఎంత వాడుతున్నారో. ఒక్క ట్రాన్‌స్క్రిప్టు కుదురుగా చదివితే ఇవన్నీ పదేసి సార్లు కనిపిస్తాయి. ఇన్వెస్టరు ఇరుకున పెట్టే ప్రశ్న అడిగితే మేనేజ్‌మెంటు ఎలా తప్పించుకుందో కూడా నేర్చుకోవచ్చు, అది మెయిల్లో బాగా పనికొస్తుంది.

పాలకొల్లు_మాస్టారు

ఇది అద్భుతమైన సలహా. మా కామర్స్ పిల్లలకి ఈ వారమే మొదలుపెడతాను. వినడానికైతే బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్ వాళ్ళ చిన్న ప్రోగ్రాములున్నాయి, ఆఫీసు సంభాషణలతో కూడా చేశారు. డిక్షనరీకి ఆంధ్రభారతి నిఘంటు శోధన వాడండి. అందులో బ్రౌణ్యం దగ్గర నుంచి శంకరనారాయణ వరకు ఒకేచోట దొరుకుతాయి. కాకపోతే అవి పాతకాలపు నిఘంటువులు, ఈ వ్యాపారం మాటలకి మాత్రం సందర్భమే గురువు.

బ్యాంకు_బాబాయ్

అబ్జార్బ్, పాస్ ఆన్ అన్నారు కాబట్టి చెప్తున్నా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఈ రెండు మాటల మీదే బేరాలన్నీ నడిచాయి. "కెన్ యు మీట్ అజ్ హాఫ్‌వే?" అని అడిగితే సగం నువ్వు భరించు, సగం నేను భరిస్తానని. దానికి జవాబిచ్చే ముందు కాంట్రాక్టులో ఎఫ్‌ఓబీ ఉందో డీడీపీ ఉందో చూసుకోవాలి. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడ ఎక్కించే వరకే అమ్మేవాడి బాధ్యత, సుంకం బయ్యర్‌ది. డీడీపీ అంటే సుంకం కట్టి బయ్యర్ గుమ్మంలో దింపే బాధ్యత అమ్మేవాడిది. అమెరికాకి రొయ్యలు అలా పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. అలాంటి కాంట్రాక్టులో సగం భరిస్తానని బయ్యర్ అంటే అది మనకి మేలు. ఎఫ్‌ఓబీలో అదే మాట అంటే మనకి అదనపు భారం. ఒకే వాక్యం, కాంట్రాక్టుని బట్టి మనకి లాభమో నష్టమో తేలుతుంది.

భీమవరం_డాక్స్

బాబాయ్ గారూ, మాది డీడీపీయే. ఇప్పుడే ఫైలు తీసి చూశాను. అందరి పోస్టులూ చదివి జవాబు ఇలా రాశాను, చూసి చెప్పండి:

"థాంక్ యు ఫర్ యువర్ మెయిల్. అవర్ ఇండికేటివ్ ప్రైస్ ఫర్ 26/30, డీడీపీ, ఈజ్ గివెన్ బిలో. దిస్ ఈజ్ నాట్ ఎ ఫర్మ్ ఆఫర్. వుయ్ కెన్ షిప్ వన్ కంటైనర్ బిట్వీన్ 11 అండ్ 20 ఆఫ్ నెక్స్ట్ మంత్. వుయ్ విల్ కీప్ ఈజీ పీల్ ఫర్ లేటర్."

డల్లాస్_గోదారి

చాలా బాగుంది. రెండు మార్పులు. నెక్స్ట్ మంత్ తీసేసి నెల పేరు పెట్టు, మిల్లు గారు సంతోషిస్తారు. "నాట్ ఎ ఫర్మ్ ఆఫర్" (ఇది ఖరారు ఆఫర్ కాదు) పక్కన "సబ్జెక్ట్ టు అవర్ ఫైనల్ కన్ఫర్మేషన్" (చివరికి మేము ఖాయం చేస్తేనే) అని చేర్చు. బాల్‌పార్క్ అడిగినవాడు ఒక్కోసారి ఆ అంకె మీదే పర్చేజ్ ఆర్డరు పంపేస్తాడు. అప్పుడు ఈ లైనే నిన్ను కాపాడుతుంది.

నర్సాపురం_లేసు

ఇంకోటి. ఆ రేటు ఎప్పటిదాకా చెల్లుతుందో కూడా రాయి. మాకు నూలు ధర మారినట్టే మీకు గట్టు మీద ధర రోజూ మారుతుంది కదా.

ఆకివీడు_చెరువు

అవును, అది తప్పకుండా రాయాలి. సోమవారం వరకే అని పెట్టు.

భీమవరం_డాక్స్

మూడూ చేర్చాను. మా సార్ చదివి ఓకే అన్నారు, పంపేశాను. ఈ పాత మెయిళ్ళన్నీ తిరగేసి ఎక్కడ ఏ మాట వాడారో ఒక ఎక్సెల్ షీటు చేస్తున్నాను: బయ్యర్ ఏమన్నాడు, దాని అర్థం, మనం ఏం జవాబిచ్చాం, చివరికి ఏ రేటుకి తేలింది. కావాలన్నవాళ్ళకి పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను.

కడియం_మొక్కలు

తప్పకుండా పెట్టండి. మొక్కల పర్చేజ్ ఆర్డర్లవి నేను కలుపుతాను. అన్నట్టు నాదో సందేహం. "నెట్ 30" అని, అంటే ముప్పై రోజుల్లో డబ్బు కట్టాలని ఉంటే, ఆ ముప్పై రోజులు ఎప్పటినుంచి లెక్క?

బ్యాంకు_బాబాయ్

వేరే ఏమీ రాయకపోతే ఇన్‌వాయిస్ తేదీ నుంచి. సరుకు అందిన తేదీ నుంచి అనో, బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి అనో రాసి ఉంటే అప్పటినుంచి. ఇన్‌వాయిస్ లోడుతోపాటే పంపండి, వారం తర్వాత కాదు. ఇంకోటి, మీరు ఎంఎస్‌ఎంఈగా నమోదై ఉంటే అడగండి. 2006 నాటి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకి కొనేవాళ్ళు 45 రోజులు మించి గడువు పెట్టకూడదు. నర్సరీకి అది ఎలా వర్తిస్తుందో మీ ఆడిటర్‌ని కనుక్కోండి.

కడియం_మొక్కలు

రేపే ఆడిటర్ దగ్గరికి వెళ్తానండీ. పక్క నర్సరీ ఆయన్ని కూడా తీసుకెళ్తా.